కుక్కతులసి కలిసిన చేను

శామీర్‌పేట,
అక్టోబరు 9.

పరీక్షల ల్యాబు ఆఫీసరు గారికి,

నమస్కారం. నా పేరు సుశీల. మీ కంపెనీకి సబ్జా తులసి పెంచి, బట్టీలో నూనె తీసి ఇచ్చే నలభై మంది రైతుల్లో ఒకదాన్ని. రైతులు ల్యాబు వాళ్లతో ఫోనులో మాట్లాడకూడదని, ఏ అభ్యంతరమైనా పదిహేను రోజుల్లో కాగితం మీద రాసి పంపాలని మీ రూలు. అందుకే రాస్తున్నాను. రూలు మీదే కాబట్టి చదవడం కూడా మీ వంతే.

మొన్న ఆదివారం మేడ్చల్ ఫంక్షన్ హాల్లో రైతుల మీటింగు జరిగింది. మీ మేనేజరు కృష్ణారావు గారు మైకు ముందు నిలబడి, మీరు సంతకం చేసిన రిపోర్టు చదివారు. శామీర్‌పేట సుశీల ఇచ్చిన నూనెలో నిమ్మగడ్డి నూనె కల్తీ ఉందట, అందుకని సరుకు తీసుకోవడం లేదట. నలభై మందీ తలలు తిప్పి నన్ను చూశారు. నా చేతిలో టీ కప్పు ఉంది. తాగలేక, కింద పెట్టలేక మీటింగు అయిపోయేదాకా అట్లనే పట్టుకొని కూర్చున్నాను.

మా ఆయన పోయి నాలుగేళ్లయింది. అప్పటినుంచి ఆ రెండెకరాలు నేనే చేస్తున్నాను. చుట్టూ అంతా ప్లాట్లయ్యాయి. మా మరిది జనార్ధన్‌ది ఆ వ్యాపారమే, రాజకీయాల్లో కూడా తిరుగుతాడు. నా చేను నడుమ అడ్డం ఉందని అతని లేఅవుట్ ఆగింది. ఎండాకాలంలో పెద్దమనుషులను కూర్చోబెట్టి నన్ను అడిగించాడు. నాకు రోషమొచ్చి ఒక మాట అన్నాను. "ఈ యేడు నా పంట కంపెనీ కొనకుంటె నేనే వచ్చి సంతకం పెడ్త" అని. ఇప్పుడు మీరు కొనం అంటున్నారు. నిన్న పొద్దున్నే జనార్ధన్ వాకిట్లోకొచ్చి, "వదినా, కాగితాలు తయారున్నయి. ఇగ నీదే ఆలస్యం" అన్నాడు.

చేను పోతే పోనీ అనేంత పెద్ద మనసు నాకు లేదు. అయినా అది తర్వాతి మాట. దొంగ అనిపించుకొని మాత్రం పోగొట్టుకోను. నిమ్మగడ్డి నూనె ఎట్లుంటదో నేను ఇప్పటిదాకా కళ్లతో చూడలేదు. నేను కలుపుతుంటే మీరు చూశారా? చూడకుండా ఎట్ల రాశారు? జవాబు కావాలి.

ఇట్లు,
సుశీల

*

మేడ్చల్,
అక్టోబరు 16.

శ్రీమతి సుశీల గారికి,

మీ అభ్యంతరం అందింది. మీరు అడిగిన వివరాలు ఇవి.

మీ నూనెను యంత్రంలో వేడి చేసి, అందులోని పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీసి కొలిచాం. మేము మీకిచ్చే సబ్జా తులసి రకంలో సోంపు వాసన ఇచ్చే పదార్థం ఎక్కువగా ఉండాలి. మీ నూనెలో అది ఉండవలసిన దానిలో సగమే ఉంది. నిమ్మవాసన ఇచ్చే సిట్రాల్ అనే పదార్థం మాత్రం ముప్ఫై ఒక్క శాతం వచ్చింది. మా రకంలో సిట్రాల్ లేనట్టే లెక్క. నిమ్మగడ్డి నూనెలో అదే ముఖ్యం. కాబట్టి కల్తీ అని నిర్ధారించాం.

మీరు కలుపుతుండగా నేను చూడలేదు. మా పనిలో మనుషులను చూడం, నూనెను చూస్తాం. కావాలంటే రెండోసారి పరీక్షకు దరఖాస్తు చేసుకోవచ్చు.

బి. బాలాత్రిపురసుందరి
ల్యాబు ఆఫీసరు

*

శామీర్‌పేట,
అక్టోబరు 21.

బాలాత్రిపురసుందరి గారికి,

అంత పెద్ద పేరు పెట్టుకొని ఇంత చిన్న జవాబు రాశారు.

దరఖాస్తు చేయను. అదే నూనె, అదే యంత్రం, అదే మీరు. మళ్లీ అదే వస్తుంది. దానికి బదులు ఈ కవరులో మూడు పొట్లాలు పెట్టాను. ఒక్కోదాంట్లో ఒక్కో మొక్క ఆకు. మూడూ నా చేలోవే, పక్కపక్క సాళ్లలోవి. కాగితం విప్పి వేళ్ల మధ్య నలిపి వాసన చూడండి. యంత్రంతో కాదు, ముక్కుతో. మొదటిది సోంపు. రెండోది మీరే చెప్పండి. ఆకాకుకూ నేను నిమ్మగడ్డి నూనె రాసుకుంటూ కూర్చున్నానంటారా?

మా బట్టీ దగ్గర గాలయ్య అని ఉన్నాడు. ఎనిమిదేళ్లుగా నూనె తీసేది అతనే. ఈసారి బట్టీ మూత తియ్యగానే, "ఏందమ్మా ఇది, నిమ్మకాయ కోసినట్టు వస్తాంది" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. మంచి వాసనే కదా, కంపెనీ వాళ్లు సంతోషిస్తారనుకున్నాను. అప్పుడే మీకు చెప్పాల్సింది. అది నా తెలివితక్కువతనం, ఒప్పుకుంటాను. కానీ తెలివితక్కువతనానికీ కల్తీకీ తేడా మీ యంత్రానికి తెలియకపోయినా మీకు తెలియాలి.

మీ చేతిలో పెన్ను ఉంది కాబట్టి మీరు రాసిందే నిజమైంది. నా దగ్గరా పెన్ను ఉంది. రాస్తూనే ఉంటాను.

సుశీల

*

గుండ్లపోచంపల్లి,
అక్టోబరు 29.

సుశీల గారికి,

ఇది ల్యాబు నుంచి కాదు, మా ఇంటి నుంచి రాస్తున్నాను. పైన అడ్రసు చూడండి. ఇకనుంచి దీనికే రాయండి.

మీ కవరు ఆఫీసులో విప్పే తీరిక లేక ఇంటికి తెచ్చుకున్నాను. మా అపార్టుమెంటు లిఫ్టులో ఆత్రం ఆగక రెండో పొట్లం విప్పి నలిపాను. మా అమ్మాయి సాయిప్రియ పక్కనే ఉంది. "అమ్మా, ఎవరో నిమ్మకాయ పిండారు" అంది. మూడో అంతస్తులో ఎక్కిన పెద్దాయన కూడా అటూ ఇటూ చూశాడు. నాకు ముఖం చెల్లలేదు. పద్దెనిమిదేళ్లుగా నూనెలు పరీక్షిస్తున్నాను. మొక్కను చేతితో నలిపి వాసన చూసి ఎన్నేళ్లయిందో గుర్తు లేదు.

మర్నాడు భోజనాల వేళ ఆ ఆకులను యంత్రంలో పెట్టాను. మొదటిది మా రకమే. రెండోదాంట్లో నలభై ఎనిమిది శాతం సిట్రాల్. మూడోదాంట్లో సోంపు, కర్పూరం రెండూ ఉన్నాయి. ఆకులోనే ఉన్నదాన్ని మీరు కలిపారని ఎవరూ అనలేరు. నేను అన్నాను. తప్పు రాశాను.

ఒక్క విషయం చెప్పండి. మీ చేను దగ్గర ఇంకే జాతి తులసైనా పెరుగుతోందా? చుట్టుపక్కల అడవి తులసి లేదని, విత్తనం కంపెనీదే వాడామని మీరు సంతకం చేసిన ఫారం మా ఫైల్లో ఉంది. అందుకే నాకు ఏమీ అర్థం కావడం లేదు. కింద నా ఫోను నంబరు ఇస్తున్నాను, చేయండి.

సుందరి

*

శామీర్‌పేట,
నవంబరు 5.

సుందరమ్మ గారికి,

ఫోను చేయను. మొదట మాట్లాడొద్దని రూలు పెట్టింది మీరే. ఇప్పుడు నాకు ఆ రూలు నచ్చింది. ఫోనులో అన్న మాట రేపు అనలేదంటే నేనేం చేయాలి? "తప్పు రాశాను" అని మీరు రాసిన కాగితం నా బీరువాలో పట్టుచీరల కింద ఉంది. ఫోనులో చెప్పి ఉంటే ఉండేదా?

తప్పని రాసినందుకు మాత్రం మిమ్మల్ని మెచ్చుకున్నాను. ఆ మాట కూడా కాగితం మీదే ఉంచుతున్నాను.

ఇంకే తులసి ఉందా అని అడిగారు. గట్ల మీద ఏవో ఉంటాయి. ఉండకుండా ఎట్ల ఉంటాయి? మా కలుపు కూలీల మేస్త్రి దుర్గాబాయి తండా నుంచి పదిమందిని తెస్తుంది. వాళ్లు గడ్డి పీకుతారు, వయ్యారిభామ పీకుతారు. తులసి వాసన వచ్చే దేన్నీ ముట్టరు. నేను ఒకసారి గట్టిగా చెప్తే, "నేను పీక. నీకు గంత జల్దీ ఉంటే నువ్వే పీక్కో దొరసానీ" అని కొంగు దులుపుకొని కూర్చుంది. మా అత్త కూడా ఇట్లనే ఉండేది. కుక్కతులసైనా తులసే అనేది. అందుకని మా గట్ల మీద మోకాలెత్తు కుక్కతులసి. దాని వాసన కర్పూరం లాగా ఉంటుంది. అయితే ఏమైంది? గట్టు మీది మొక్క దిగి వచ్చి నా బట్టీలో పడుతుందా?

ఈసారి పదకొండు మొక్కల ఆకులు పంపుతున్నాను, నంబర్లు వేశాను. ఒకటి గమనించాను. ఆకుచుట్టు పురుగు నిమ్మవాసన మొక్కలను ముట్టలేదు. పక్కన మీ కంపెనీ రకాన్ని జల్లెడ చేసింది. ఏడో నంబరును మాత్రం ఈనెలతో సహా తినేసింది, దొరికిన రెండు ఆకులే పెట్టాను. చూసి చెప్పండి.

జనార్ధన్ సర్వేయరును తెచ్చి మా గట్టు దాకా రాళ్లు పాతించాడు. నేను ఒక రాయి పీకి అతని ఇంటి ముందు పడేసి వచ్చాను. ముసలితనంలో నడుం పట్టేసింది.

సుశీల

*

గుండ్లపోచంపల్లి,
నవంబరు 26.

సుశీల గారికి,

నడుం ఎలా ఉంది? రాళ్లు మోయడం మానండి, ఉత్తరాలు రాయండి చాలు. అవి అంతకంటే గట్టిగానే తగులుతున్నాయి.

గట్టు మీది మొక్క దిగి రానక్కర్లేదు. తేనెటీగలు దిగివస్తాయి. రెండు తులసులూ ఒకేసారి పూసినప్పుడు కుక్కతులసి పుప్పొడిని అవి సబ్జా పువ్వుకు తెస్తాయి. జాతులు వేరైనా ఎప్పుడో ఒకటి గింజ కడుతుంది. ఎవరూ చేయకుండా చేలో తనంతట తాను జరిగే సంకరం అది. ఆ గింజ మొలిస్తే వచ్చేది రెండింటి బిడ్డ.

బిడ్డలో తల్లి వాసన సగం, తండ్రి వాసన సగం వస్తాయని నేను అనుకునేదాన్ని. మీ పదకొండు మొక్కలూ ఆ భ్రమ పోగొట్టాయి. నాలుగింటిలో సోంపు, కర్పూరం కలిసి ఉన్నాయి. ఐదింటిలో నిమ్మ. పురుగు తినేసిన ఏడోదాంట్లో దాదాపు ఏ వాసనా లేదు. మిగిలిన ఒక్కదాంట్లో మా పట్టికలో పేరు లేని పదార్థం ఉంది. అదేమిటో నాకింకా తెలియదు. మూడు రోజులు నిద్ర పట్టలేదు.

మీ సబ్జాలోనూ గట్టు మీది కుక్కతులసిలోనూ సిట్రాల్ చిటికెడే. మరి బిడ్డకు గిన్నెడు ఎక్కడిది? మొక్క ఏ వాసననైనా మెట్టు మెట్టుగా తయారు చేసుకుంటుంది. ఒక ఇంట్లో పిండి రుబ్బుకున్నారు, పొయ్యి లేదు. ఇంకో ఇంట్లో పొయ్యి ఉంది, పిండి లేదు. పిల్లకు రెండు ఇళ్ల నుంచీ చెరొకటి వచ్చింది, అట్టు పోసుకుంది. నాకు తోచిన కారణం ఇది. రుజువు చేయాలంటే ఇంకా పని ఉంది. కలిసినవన్నీ బాగుపడతాయనీ కాదు, మీ ఏడో నంబరుకు ఉన్నది కూడా పోయింది. మొక్కకు ఈ వాసనలన్నీ మన ముక్కు కోసం కాదు, పురుగును ఆపడానికి. ఆ సంగతి నాకంటే ముందు మీరే చూశారు.

ఇప్పుడు నిష్ఠూరంగా ఒక మాట. ఇన్ని రకాలు ఒక్క ఏడాదిలో రావు. మా విత్తనం వేరే రాష్ట్రంలో, ఏ తులసీ లేని చోట పండించి తెస్తారు. దాన్నుంచి అసలు రావు. మీరు నాకు ఏదో దాస్తున్నారు.

నేనూ మీ దగ్గర ఒకటి దాచాను. నిమ్మగడ్డి నూనెలో సిట్రాల్‌కు తోడు ఎప్పుడూ కనిపించేవి ఇంకో రెండున్నాయి. మీ నూనె గ్రాఫులో ఆ రెండు చోట్లూ ఖాళీ. నేను ఆ రోజే చూశాను. పెన్సిలుతో పక్కన ప్రశ్నార్థకం కూడా పెట్టాను. ఆ రోజు ఇంకా ముప్ఫై సాంపిళ్లున్నాయి. మా కంప్యూటరులో "కారణం" అనే గడి నింపనిదే తర్వాతి సాంపిలుకు పోనివ్వదు. "తెలియదు" అనే మాట ఆ జాబితాలో లేదు. నిమ్మగడ్డి అని ఎంచి ముందుకు పోయాను. నా ఒక్క నొక్కుతో మీరు హాల్లో టీ కప్పు పట్టుకొని కూర్చున్నారు.

కృష్ణారావు గారికి అంతా చూపించాను. ఆయన ఒక దారి చెప్పారు. మీ నిమ్మవాసన మొక్కల కొమ్మలు కంపెనీకి ఇవ్వాలి, తర్వాత చేలో మిగిలినవన్నీ పీకేయాలి, ఎవరికీ చెప్పకూడదు. అలాగైతే రిపోర్టు ఫైల్లో సర్దేస్తారు, సరుకు కొంటారు. మీ చేను మీకు దక్కుతుంది. ఒప్పుకోమని నేను చెప్పను. వద్దనే ధైర్యమూ నాకు లేదు.

సుందరి

*

శామీర్‌పేట,
డిసెంబరు 4.

సుందరమ్మ గారికి,

నీ ఉత్తరం చదివి మొదట నీ మీద మస్తు కోపమొచ్చింది. నువ్వు అంటున్నానని ఏమనుకోకు, కోపంలో గారు రాదు. తెలిసి రాశావు. తెలియక రాసి ఉంటే బాగుండేదని రెండు రోజులు తిట్టుకుంటూ తిరిగాను. మూడో రోజు నా సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

నేను దాచింది ఇది. మూడేళ్లుగా మీరిచ్చే విత్తనం సగమే మొలుస్తోంది. మళ్లీ అడిగితే ఇంకో నెల తిప్పుతారు, అప్పటికి అదును పోతుంది. అందుకని ప్రతి యేడూ నా చేలో పండిన గింజ రెండు శేర్లు దాచి, నారు పోసి, ఖాళీ సాళ్లలో నాటుతున్నాను. మా అమ్మ అట్లనే చేసేది, అందరూ అట్లనే చేసేవారు. గింజ కొనుక్కోవడం మాకు ఎప్పుడూ తప్పు లాగే అనిపిస్తుంది. ఫారం మీద మాత్రం కంపెనీ విత్తనమే అని, గట్ల మీద తులసి లేదని సంతకం పెట్టాను. చదవకుండా పెట్టలేదు, చదివే పెట్టాను. నిన్ను కల్తీ రాశావని తిట్టిన చేత్తోనే అబద్ధం రాశాను.

ఇక మీ మేనేజరు దారి. నిన్న జనార్ధన్ చేనుకొచ్చాడు. ఎట్ల తెలిసిందో తెలిసింది. "ఏంది వదినా, కంపెనోళ్లు రాజీకొస్తున్నరట గద. ఊకె పరేషాన్ ఎందుకు, కొమ్మలిచ్చెయ్యి, సరుకమ్ముకో. వచ్చే యేడు చూసుకుందాం" అన్నాడు. నేను ఒకసారి దొంగచాటు రాజీకి దిగితే, వచ్చే యేడు చేను రాయించుకోవడం సులువని అతని లెక్క. దుర్గాబాయి పక్కనే కలుపు తీస్తోంది. తల ఎత్తకుండా, "గా మైకుల అన్న మాటను ఎవలు పీకుతరు?" అంది.

నాకు కావలసింది అదే. నన్ను కల్తీది అన్నది ఫైల్లో కాదు, మైకులో. నలభై మంది ముందు. ఇప్పుడు బజారుకు పోతే నూనె కొట్టువాడు కూడా "ఏమమ్మా, ఏం కలిపినవ్" అని నవ్వుతున్నాడు. ఫైలులో సర్దితే వాడి నవ్వు ఆగుతుందా? చదివిన చోటే, అదే హాల్లో, అదే మైకులో చదవాలి. నువ్వు చదవాలి, ఎందుకంటే సంతకం నీది. అట్ల చదివితే నేనూ లేచి నా ఫారం సంగతి చెప్తాను. ఒక్క నిజం నీతో చెప్పించి నా అబద్ధం కొంగున కట్టుకొని ఇంటికి రాను.

దాంతో కంపెనీ సరుకు కొనకపోతే నా నోటి మాట ప్రకారం చేను జనార్ధన్‌కు పోతుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. రాత్రంతా లెక్కపెట్టుకొనే రాస్తున్నాను. కొమ్మలు ఇవ్వను. దొంగచాటుగా ఇచ్చేంత తప్పు ఆ మొక్కలేం చేయలేదు.

మళ్లీ మీటింగు జనవరి ఇరవై ఐదున. వస్తే రా. రాకపోతే ఇక ఉత్తరం రాయకు.

సుశీల

*

గుండ్లపోచంపల్లి,
జనవరి 20.

సుశీలక్కా,

ఇన్నాళ్లు రాయలేదంటే భయపడి. ఆరు సార్లు మొదలుపెట్టి చింపేశాను.

కృష్ణారావు గారికి మీ షరతు చెప్పాను. ఆయన మెత్తని మనిషే, ఎప్పుడూ గొంతు పెంచరు. "సుందరి గారూ, మైకులో మన తప్పు మనం చదువుకుంటే రేపు నలభై మందీ కాగితాలు పట్టుకొస్తారు. మీరు చదివితే అది మీ సొంత పూచీ మీద. మర్నాడు ల్యాబుకు రానవసరం లేదు" అన్నారు. కాఫీ తాగుతూ అన్నారు.

మా వారు వద్దన్నారు. ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారని. నిజమే, ఎవరిస్తారో తెలియదు. నాకు ఏడుపొచ్చింది, గొడవ పడ్డాను. అప్పుడు మా అమ్మాయి నా పెన్సిలు ప్రశ్నార్థకం ఉన్న గ్రాఫు చూసి, "ఇది నువ్వే పెట్టావా? మరి పైన అలా ఎందుకు రాశావు?" అంది. ఆ రాత్రే కాగితాలు ముందేసుకొని కూర్చున్నాను.

రెండు పేజీలు రాసుకున్నాను. పదకొండు మొక్కల ఫలితాలు, ఖాళీగా ఉన్న ఆ రెండు చోట్లు, నా పేరు. ఇరవై ఐదున వస్తున్నాను.

సుందరి

*

శామీర్‌పేట,
ఫిబ్రవరి 2.

చెల్లె సుందరికి,

రెండు పేజీలూ ఒక్క మాట వదలకుండా చదివావు. "ఈ నూనెలో కల్తీ లేదు. ఉందని రాసింది నేను. నాకు తెలిసీ రాశాను" అని నువ్వు అన్నప్పుడు నలభై మందీ మళ్లీ తలలు తిప్పారు, ఈసారి నీ వైపు. నిన్ను వాళ్లు పక్క గదిలోకి పిలిచి, అట్నుంచి అటే ఆటో ఎక్కించారని తర్వాత తెలిసింది. ఆ తర్వాత జరిగింది నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

నేను లేచి మైకు దగ్గరికి పోయాను. గింజ సంగతి, గట్టు సంగతి, ఫారం సంగతి మొత్తం చెప్పాను. "గీ సంతకం నాదే. అబద్ధం నాదే. కల్తీ నాది కాదు" అన్నాను. కూర్చుందామని తిరిగితే వెనకాల ఒకాయన లేచి, మా చేలో కూడా మొలవని చోట సొంత గింజే వేస్తున్నామన్నాడు. ఇంకొకాయన లేచాడు. తర్వాత ఇద్దరు ఆడవాళ్లు. మొత్తం పదిహేడు మంది, చెల్లే. మీ మేనేజరు అందరి మీదా ఏం రాస్తాడు? మైకు పట్టుకొని, సుశీల గారి నూనె ఈసారి తీసుకుంటున్నాం, పాత రిపోర్టు రద్దు చేస్తున్నాం అని అన్నాడు. అదే మైకులో అన్నాడు.

బయట గేటు దగ్గర జనార్ధన్ నిలబడి ఉన్నాడు. "గీ యేడు గెలిచినవ్ వదినా. వచ్చే యేడు ఏం జేస్తవ్?" అన్నాడు. "వచ్చే యేడు పండిస్త" అన్నాను. అతని కారు ముందే నాకు తోడొచ్చిన దుర్గాబాయి, నేను ఆటో కోసం పావుగంట నిలబడ్డాం. కూర్చోమని అతను అనలేదు, అన్నా మేము ఎక్కేవాళ్లం కాదు.

నీ ఉద్యోగం పోయిందని, కంపెనీకి నూనె దింపడానికి పోయొచ్చిన గాలయ్య చెప్పాడు. నా వల్ల పోయిందని ఏడవాలనిపించింది, ఏడ్చాను. నువ్వు చేసిన తప్పుకు అది ఎక్కువ శిక్ష. నువ్వు చేసిన మంచికి అసలు శిక్షే ఉండకూడదు. రేపు సోమవారం నుంచి నిమ్మవాసన మొక్కల కొమ్మలు కోసి నాటుతున్నాం. వాటికి గింజ సరిగ్గా కట్టడం లేదు, కానీ కొమ్మ గుచ్చితే వారంలో వేరు పోస్తుంది. రెండెకరాలకూ అదే. ఆ పేరు తెలియని పదార్థం ఉన్న మొక్కను వేరే మడిలో పెట్టాను, అది నువ్వు తేల్చాల్సిన పని. నూనె ఎవరు కొంటారో నేను తిరిగి కనుక్కుంటాను, అందులో ఏముందో నువ్వు రాసి సంతకం పెట్టాలి. పాత చెప్పులు వేసుకొని రా, చేలో నీళ్లు పెట్టాను.

నిన్న కంపెనీ మనిషి ఇంటికి ఒక కాగితం తెచ్చాడు. వచ్చే యేడు కూడా నాతో పంట వేయించాలంటే చేలోనూ గట్ల మీదా ఉన్న కలిసిన తులసి, కుక్కతులసి అంతా వారంలో పీకేస్తానని ఒప్పుకోవాలట. కింద సంతకానికి గీత ఉంది. ఈసారి కూడా మొత్తం చదివాను. ఒకటికి రెండుసార్లు చదివి, అతని పెన్నే అడిగి, గీత మీద ఇట్ల రాసి ఇచ్చాను:

"ఇవి నా చేలో పుట్టినవి. తీయను. — సుశీల."